పుట్నాల్‌కు కట్టిన ఇల్లు

హమాలీ లక్ష్మాకు ఒక జబ్బుంది. ఏ వస్తువునైనా డబ్బు పెట్టి కొన్నాడంటే ఆ రోజంతా ఓడిపోయినవాడిలా మొహం వేలాడేసుకుని తిరుగుతాడు. కుర్చీ కాలు విరిగితే తనే కడతాడు, చెప్పు తెగితే తనే కుడతాడు, గోడ పగిలితే తనే ఇంత సిమెంటు తెచ్చి మెత్తుతాడు. ఆయన బాగుచేసిన కుర్చీలో ఇంతవరకు చుట్టాలెవరూ ధైర్యంగా కూర్చున్నది లేదు. అయినా మనిషి తీరు మారితే గదా!

అందుకే ఆ ఆదివారం పొద్దున కూతురు జమున ఒక మిఠాయి డబ్బా తెచ్చి ముందు పెట్టి, "బాపు, దీనికి పంజరం కావాలె," అనగానే, డబ్బాలో ఏముందో చూడకుండానే, "పంజరమే గదా, ఎంతసేపు!" అనేశాడు.

తర్వాత మూత తీశాడు. లోపల నిమ్మకాయంత ఎలుక. వేయించిన శనగపప్పు రంగు, ఉందా లేదా అన్నట్టు చిన్న తోక, రెండు బుగ్గల్లోనూ ఏదో కుక్కుకుని గుండ్రంగా చూస్తోంది.

"ఇది ఎలుక గాదా?"

"ఎలుక కాదు బాపు. హామ్‌స్టర్. పేరు పుట్నాల్. నేనే పెట్టిన."

జమునతో నాలుగో తరగతి చదివిన రైల్వే క్వార్టర్ల పిల్ల వాళ్ళ నాన్నకు విజయవాడ బదిలీ అయింది. ఇల్లు ఖాళీ చేస్తుంటే పాత పంజరం తుప్పు పట్టి ఊడిపోయిందట. ఇక దీన్ని రైలెక్కించడం ఎందుకని, జమునకు ఇచ్చి వెళ్ళిపోయారు. 

జమున తల్లి రుక్కి వంటగిన్నె పట్టుకుని వచ్చి డబ్బాలోకి తొంగిచూసింది. "బాగుంది సంబడం! పోయిన నెలనే ఎలుకల మందు పెట్టి మూడిటిని సంపిన. ఇప్పుడు నువ్వొకదాన్ని తెచ్చి మంచం మీద కూసోబెట్టినవా?"

"యాడీ, దీన్ని ఏమన్నంటే మంచిగుండదు," అంది జమున తల్లితో. తర్వాత అసలు మాట బయటపెట్టింది. "దీనికి మంచి ఇల్లు కట్టుండ్రి. పిల్లి రావద్దు, ఎండ తగలద్దు. మంచిగ కడితేనే నేను హాస్టల్‌కు పోత. లేకుంటే పోను."

రుక్కి చేతిలో గిన్నె అట్లాగే ఆగిపోయింది.

ఎందుకంటే ఆ హాస్టల్ సీటు మామూలు సీటు కాదు. కొత్తగూడ దగ్గరి గురుకులంలో ఐదో తరగతి. తండాలో అటు లక్ష్మా వాళ్ళలోనూ ఇటు రుక్కి వాళ్ళలోనూ ఇంతవరకు ఎవరూ పరీక్ష రాసి సంపాదించని సీటు. రేపు కాదు, పై సోమవారం సాయంత్రం ఐదింటిలోపు పిల్ల వెళ్ళి చేరకపోతే లిస్టులో కింది పేరుకు వెళ్ళిపోతుంది. రుక్కి పన్నెండేళ్ళుగా మహబూబాబాద్ మార్కెట్ యార్డులో మిర్చి కుప్పల ముందు కూర్చుని తాలుకాయ ఏరుతోంది. రంగు పోయిన కాయను, మంచి కాయను వేరు చేయడమే పని. సాయంత్రానికి వేళ్ళు మండిపోతాయి. పిల్లకు తల దువ్వాలంటే చేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని దువ్వాలి. ఒక్కసారి మరిచిపోయి ఆ చేత్తోనే కంట్లో నలుసు తీయబోతే పిల్ల రెండు గంటలు ఏడ్చింది. జమున ఆ కుప్పల ముందు కూర్చోకూడదన్నదొక్కటే రుక్కి కోరిక. లక్ష్మాది కూడా అదే. కాకపోతే ఆయన పైకి అనడు.

"కడుతా బిడ్డా. ఇంద్రభవనమే కడుతా," అన్నాడు లక్ష్మా.

మొదటి ఇంద్రభవనం కూల్‌డ్రింకుల అట్టపెట్టె. నాలుగువైపులా దబ్బనంతో చిల్లులు పొడిచి, పైన పాత పళ్ళెం మూత పెట్టాడు. సోమవారం తెల్లారేసరికి అట్టపెట్టెకు ఒక మూల గుమ్మం తయారైంది. ఆ గుమ్మం లక్ష్మా పెట్టింది కాదు. పుట్నాల్ మంచం కింద చీపురు పుల్లల మధ్య దొరికింది.

రెండోది కాస్త పనితనం ఉన్నదే. పండ్ల దుకాణం వెనక పారేసిన చెక్కపెట్టె ఒకటి తెచ్చాడు. యార్డులో మిర్చి గింజ జల్లించే పాత జల్లెడ ఒకటి అంచు ఊడి మూల పడి ఉంటే, దాని జాలీ విప్పి పెట్టెకు ముందువైపు బిగించాడు. బిగించడం అంటే ఎట్లా? హమాలీకి వచ్చిన పద్ధతి ఒకటే. దబ్బనం, సుతిలి. ఇరవై రెండేళ్ళుగా బస్తాల మూతులు కుట్టిన చెయ్యి, పెట్టె అంచు పొడుగునా చకచకా కుట్టుకుంటూ పోయింది. కుట్టు చూస్తే ముచ్చటేసింది. లక్ష్మా రెండడుగులు వెనక్కి వేసి చూసుకుని మీసం మీద చెయ్యి వేసుకున్నాడు కూడా.

పుట్నాల్‌కు ఆ సుతిలి చాలా రుచించింది. మంగళవారం పొద్దున్నకు ఒకవైపు కుట్టంతా నమిలేసింది. ఈసారి బియ్యం డబ్బా వెనక దొరికింది. జమున ఏడుపు మొదలుపెట్టింది. రుక్కి ఎలుకను తిట్టాలో మొగుణ్ణి తిట్టాలో తేల్చుకోలేక ఇద్దర్నీ తిట్టింది.

"ఎలుకకు తాడు కట్టి ఆపుదామనుకున్నవా? ఏం తెలివయ్యా నీది! పోయి జలీల్ భాయిని అడుగరాదు?"

లక్ష్మాకు ఒళ్ళు మండింది గానీ పెట్టె చంకన పెట్టుకుని బయల్దేరాడు. జలీల్‌ది యార్డు పక్కన కూలర్లు చేసే దుకాణం. ఎండాకాలమంతా రేకు కోస్తూ, జాలీ బిగిస్తూ ఊపిరి సలపనంత పని. పెట్టెను అటూ ఇటూ తిప్పి చూసి పగలబడి నవ్వాడు.

"లక్ష్మన్నా, గిది పంజరమా? యాబై కిలోల బస్తానా? లారీకి ఎక్కించుడే తక్కువ!"

"నవ్వింది సాలు గని, పని జెప్పు భాయ్."

జలీల్ చెప్పాడు. చేసి చూపించాడు కూడా. బైండింగ్ తీగతో జాలీని పెట్టెకు బిగించి, తీగ కొసలు లోపలికి రాకుండా బయటికి వంచాడు. ఎలుక కాళ్ళు తెగకుండా, కోసిన జాలీ అంచుకు పాత కరెంటు వైరు తొడుగు చీల్చి తొడిగాడు. తలుపుకు రెండు బందులు, పైకెత్తి తిప్పే గొళ్ళెం. ఐస్‌క్రీం డబ్బాకు నడుమ చిల్లు చేసి, పాత ఫ్యాన్ బేరింగ్‌లో గుచ్చి, ఉరకడానికి చక్రం. నీళ్ళకు సీసా మూత. రెండు మధ్యాహ్నాలు పట్టింది. ఖర్చు అడిగితే జలీల్ చెయ్యి ఊపేశాడు. "పిల్ల చదువుకు పోతున్నది. నాకొక చాయ్ తాపియ్యి."

బుధవారం సాయంత్రానికి ఇల్లు సిద్ధం. లోపల మెత్తగా పరుపు కావాలి గదా! లక్ష్మా యార్డు నుంచి చినిగిన గోనెసంచి తెచ్చి, పీచు పీచుగా విప్పి, అరచేతుల మధ్య నలిపి దూదిలా చేసి పరిచాడు. పుట్నాల్ అందులో దూరి గుంట చేసుకుని పడుకుంది. చక్రంలో ఉరికింది. జమున పంజరం ముందు బోర్లా పడుకుని అన్నం తినడం కూడా మరిచిపోయింది.

"ఇగ పోతవా మరి హాస్టల్‌కు?" అని రుక్కి అడిగింది.

"చూస్త. సోమారం దాక ఇది మంచిగుంటే పోత."

గురువారం ఎండ మాడ్చేసింది. రేకుల ఇల్లు. మధ్యాహ్నానికి లోపల కూర్చోలేని సెగ. హామ్‌స్టర్‌కు వేడి పడదని ఆ రైల్వే క్వార్టర్ల పిల్ల చెప్పి వెళ్ళిందట. జమున పరేషాన్ అయిపోయింది. లక్ష్మా మళ్ళీ తన తెలివికి పదును పెట్టాడు. యార్డు నుంచి ఇంకో రెండు సంచులు తెచ్చి, బకెట్లో ముంచి, పిండి, పంజరానికి రెండువైపులా వేలాడదీశాడు. వెనకనుంచి టేబుల్ ఫ్యాన్ పెట్టాడు. చల్లటి గాలి జుయ్యిమని లోపలికి వీచింది.

"చూసినవా బిడ్డా, కూలర్! జలీల్ భాయ్ అమ్మే దానికంటే నయం!"

జమున తండ్రి మెడ పట్టుకుని ఊగింది. ఆ రాత్రి లక్ష్మా రెండుసార్లు లేచి సంచులు మళ్ళీ తడిపాడు. ఇరవై రెండేళ్ళలో ఏ సేటుకూ ఇంత చాకిరీ చేయలేదు.

శుక్రవారం పొద్దున పుట్నాల్ చక్రం ఎక్కలేదు. కళ్ళు సగం మూసుకుని, ముందుకాళ్ళతో ముక్కు తెగ రుద్దుకుంటోంది. చిక్, చిక్ మని చిన్న చప్పుడు. తుమ్ములని జమున చెప్పింది. ఎలుకలు తుమ్ముతాయని లక్ష్మాకు అప్పుడే తెలిసింది. వేడి చేసిందనుకుని ఇంకో సంచి తడిపి మూడోవైపు కూడా కట్టాడు. ఫ్యాన్ ఇంకాస్త దగ్గరికి జరిపాడు. సాయంత్రానికి రెండు కళ్ళూ వాచి అతుక్కుపోయాయి. పల్లీ పెట్టినా, కీరదోస ముక్క పెట్టినా తినలేదు. ఒక మూల పీచులో ముడుచుకుని ఎగశ్వాసగా ఊపిరి తీస్తోంది.

జమున ఏడవడం కూడా మానేసింది. పంజరం పక్కనే పడుకుని, "ఇది సస్తే నేను యాడికీ పోను," అంది నెమ్మదిగా. కేకలు పెట్టి ఉంటే లక్ష్మా గద్దించేవాడు. ఆ నెమ్మదిని ఎట్లా గద్దిస్తాడు?

పిల్ల నిద్రపోయాక రుక్కి మొగుణ్ణి వాకిట్లోకి పిలిచింది. "నేనొకటి చెప్త, తిట్టకు. వరంగల్‌ల గసుంటియి దొరుకుతయట. రేప్పొద్దుగాల బస్సెక్కి ఇంకోటి కొనుక్కరా. సోమారం దాక గడిస్తే సాలు. తర్వాత ఏమన్న గాని."

లక్ష్మాకు కోపం నషాళానికంటింది. ఈసారి కొనడమన్న మాటకు కాదు. "పిల్లను మోసం జేసి పంపుతమా? దాని బుగ్గ మీది మచ్చ గూడ ఎరికె పిల్లకు. తెలిసిన్నాడు మన మొకం సూస్తదా?"

"మరి నా మొకం ఎవరు సూస్తరు?" అంది రుక్కి. చేతులు ముందుకు చాచింది. వేళ్ళ కొసలు ఎర్రగా పొక్కి ఉన్నాయి. "గీ చేతులు దానికి రావద్దు. నాకు గంతే."

ఆమె మాట తప్పు కాదు. లక్ష్మా మాట కూడా తప్పు కాదు.

శనివారం పొద్దున పనికి నాగా పెట్టి, పంజరాన్ని తడి సంచులతో సహా సైకిల్ వెనక కట్టుకుని, ముందు జమునను కూర్చోబెట్టుకుని పశువుల దవాఖానకు వెళ్ళాడు. అక్కడ రెండు బర్రెలు, ఒక మేకపోతు, కుంటుతున్న కుక్క ఒకటి వరసలో ఉన్నాయి. అటెండర్ మహిపాల్ పంజరం వైపు, లక్ష్మా వైపు మార్చి మార్చి చూశాడు.

"ఏందన్నా, ఎలుకకు వైద్యమా? రేపు దోమను గూడ తెస్తరు మీరు!"

"జర నోరు మూసుకుని చీటీ రాయి తమ్మీ," అన్నాడు లక్ష్మా. 

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. హైదరాబాద్ నుంచి వచ్చి నెల కూడా కాలేదు. లక్ష్మా పంజరాన్ని బల్ల మీద పెట్టగానే ఆమె వంగి జాలీలోంచి చూసింది. చూసిందో లేదో, తుమ్మింది. ఒకటి, రెండు, మూడు. కళ్ళలోంచి నీళ్ళు కారాయి. వెనక్కి జరిగి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఏం వేశారు దీంట్లో?" అంది.

"ఏం లేదు మేడం. గోనె పీచు."

"ఎక్కడి గోనె?"

"యార్డుదే మేడం. మిర్చి బస్తా."

"మరి ఈ తడి సంచులు?"

"అవి గూడ గవే. ఎండకు సల్లగుంటదని తడిపి, ఎనకనుంచి ఫ్యాన్ పెట్టిన. మూడు దినాలాయె, రాత్రి, పగలు పెట్టిన మేడం," అన్నాడు లక్ష్మా. శ్రద్ధగా చూసుకున్నానని ఆమెకు తెలియాలి గదా!

డాక్టరమ్మ తిట్టబోయి ఆగినట్టుంది. "మిర్చి బస్తా తడిపి, ఫ్యాన్ పెట్టి, ఆ గాలి దీని మొహం మీదికి కొట్టారా? మూడు రోజులు? మనిషినైనా ఆ గాలిలో కూర్చోబెడితే కళ్ళు పోతాయి. ఇంత ఘాటు మీకెవరికీ తెలియలేదా?"

"ఘాటా?" అన్నాడు లక్ష్మా. ఒక సంచి తీసి ముక్కుకు ఆనించుకుని గట్టిగా పీల్చాడు. తడి గోనె వాసన, అంతే. ఇంకేమీ లేదు. మహిపాల్‌కు ఇచ్చాడు. మహిపాల్ ఇల్లూ యార్డు వెనకే. అతనూ పీల్చి పెదవి విరిచాడు. "నాకేం రాదు మేడం." జమున కూడా ముక్కు దగ్గర పెట్టుకుంది. పదేళ్ళ పిల్ల, ఆ సంచిలో మొహం దూర్చి ఊపిరి లాగి, "నాకు గూడ ఏం రాదు," అంది.

డాక్టరమ్మ ఇంకోసారి తుమ్మి, "మీ ముక్కులు అలవాటు పడిపోయాయి," అంటూ కిటికీ తెరిచింది. 

లక్ష్మాకు తను రాత్రి నిద్ర చెడగొట్టుకుని పోసిన ప్రతి చెంబెడు నీళ్ళూ కళ్ళ ముందు కదిలాయి. బస్తాలో ఎండిపోయి పడున్న కారాన్ని తనే నానబెట్టి, తనే విసిరి, ఆ ప్రాణి ముక్కులోకి పంపాడు.

జమున తండ్రి వైపు తిరిగింది. "అంటే నువ్వే దాన్ని సంపుతున్నవా బాపు?"

మహిపాల్ కూడా నవ్వలేదు. లక్ష్మా తల దించుకున్నాడు. "అవ్ బిడ్డా. నేనే. తెల్వక జేసిన గని, జేసింది నేనే."

డాక్టరమ్మ పుట్నాల్‌ను అరచేతిలోకి తీసుకుని, దూది తడిపి కళ్ళు తుడిచింది. చుక్కల మందు ఒకటి ఇచ్చింది. "గంటకోసారి ఇట్లా తుడవాలి. మందు కంటే ముందు గాలి మార్చండి. ఘాటు లేని చోట పెడితే బతకొచ్చు. మీ ఇంట్లో మటుకు వద్దు. మీ చొక్కాకు కూడా ఉంది, నాకు ఇక్కడికి తెలుస్తోంది."

ఇంటికొచ్చాక లక్ష్మా గుమ్మంలో నిలబడి తన గదిని తనే కొత్తగా చూశాడు. తలుపుకు పరదా గోనెసంచి. కాళ్ళు తుడుచుకునేది గోనెసంచి. మంచం మీద దుప్పటి కింద గోనెసంచులు, నీళ్ళ కుండ కింద గోనెసంచి, రేకు చిల్లుకు అడ్డం గోనెసంచి. ఊరికే వచ్చిన సరుకని గర్వంగా మోసుకొచ్చినవే అన్నీ. దండెం మీద తన చొక్కా, రుక్కి చీర. ఇవన్నీ పారేసినా సాయంత్రానికి తామిద్దరూ ఒంటి నిండా అదే దుమ్ముతో మళ్ళీ ఇంటికి రావాల్సిందే. ఇక ఎక్కడని కడుగుతాడు?

పెట్టెను సబ్బుతో రుద్దాడు. జల్లెడ జాలీ పీకి బయట పడేశాడు. జలీల్ కొత్త కూలర్ జాలీ ముక్క కోసి ఇచ్చి, విషయం విని, ఈసారి నవ్వలేదు. "మా ఇంటికి తీస్కపోదాం నడువు. పట్టాలకు అవతల. అక్కడ మిర్చి లేదు, ఏం లేదు."

జలీల్ భార్య ముంతాజ్ తలుపు దగ్గరే ఆపేసింది. "యా అల్లా! చూహా? ఎలుక, ఇంట్లకా?" అంది. తర్వాత పుట్నాల్ అతుక్కుపోయిన కళ్ళు చూసి ఆమె గొంతు మారింది. "అయ్యో, పసిదాని లెక్కనే ఉన్నది గదా. తే, లోపలికి తే." అని, ఒక్క క్షణం ఆలోచించి, జమునను ముందు స్నానానికి తోలింది. పెళ్ళయి వెళ్ళిపోయిన తన కూతురి చిన్నప్పటి గౌను తీసి తొడిగింది. పరుపు కోసం జమున ఇంట్లో రేకు డబ్బాలో మూసి ఉన్న తన నాలుగో తరగతి నోటుపుస్తకాలు తెప్పించి, లెక్కలు, తెలుగు, ఇంగ్లీషు, అన్నీ సన్నగా చింపి పోసింది. 

లక్ష్మా చెప్పులు విడిచి లోపలికి అడుగు పెట్టబోయాడు.

"బాపు, నువ్వు రాకు," అంది జమున.

అందులో కోపం లేదు. డాక్టరమ్మ చెప్పిన మాటే పిల్ల చెప్పింది. అయినా లక్ష్మాకు చెంప మీద కొట్టినట్టే తగిలింది. అడుగు వెనక్కి తీసుకుని, వాకిట్లో కిటికీ దగ్గర నిలబడ్డాడు. అక్కణ్ణుంచి కనిపించినంత చూశాడు. జమున దూది తడపడం, పుట్నాల్ కళ్ళ మీద అద్దడం, మళ్ళీ తడపడం. ఆ రోజూ, మరుసటి రోజూ ఆయన ఆ కిటికీ బయటే. అన్నం తినమని రుక్కి వచ్చి పిలిస్తే, "తర్వాత," అన్నాడు. రుక్కి కూడా పక్కన నిలబడింది. తనూ లోపలికి వెళ్ళలేదు.

ఆదివారం సాయంత్రం అసర్ నమాజు వేళకు పుట్నాల్ ఎడమ కన్ను తెరిచింది. ముంతాజ్ గుమ్మడి గింజ ఒలిచి ముందు పెట్టింది. పుట్నాల్ కాసేపు వాసన చూసి, దాన్ని రెండు చేతులతో పట్టుకుని కొరికింది. ఇంకోటి పెడితే తినలేదు, బుగ్గలో దాచుకుంది. 

"దాసుకుంటున్నది! దాసుకుంటున్నది!" అని జమున గట్టిగా అరిచింది. జలీల్ కిటికీలోంచి లక్ష్మాకు రెండు చేతులూ ఎత్తి చూపించాడు. లక్ష్మా గోడకు ఆనుకుని ఏడిచాడు. చూసేవాళ్ళు చూస్తారని కూడా అనుకోలేదు.

జమున బయటికొచ్చి కొంచెం దూరంలో నిలబడింది.

"బాపు, ఇది ఈడనే ఉంటది. ముంతాజ్ చిచ్చీ చూసుకుంటనన్నది. నీ పంజరం మంచిగనే ఉన్నది, మన ఇల్లే మంచిగ లేదు."

"అవ్ బిడ్డా."

"రేపు నేను పోత."

ఇన్నాళ్ళూ ఈ ఒక్క మాట కోసమే గదా ఇంత గోల! రుక్కి వెంటనే, "బట్టలు ఉతుకుతా," అని ఇంటికి పరుగెత్తింది. సోమవారం పొద్దుటి బస్సుకు ముగ్గురూ కొత్తగూడ వెళ్ళారు. పదకొండింటికే గురుకులం రిజిస్టర్లో జమున పేరు పడింది. 

పిల్లల్ని చూడనిచ్చేది నెలలో రెండో ఆదివారం. జూలైలో ఆ ఆదివారం వచ్చేదాకా రుక్కి రోజులు లెక్కపెట్టింది. లక్ష్మా లెక్కపెట్టలేదని చెప్పుకున్నాడు. ముందురోజు యార్డుకు వెళ్ళలేదు. సాయంత్రం ఒకసారి, పొద్దున ఒకసారి సబ్బు అరగదీసి స్నానం చేశాడు. చాకలికి ఇచ్చి ఇస్త్రీ చేయించిన తెల్ల చొక్కా వేసుకున్నాడు. పుట్నాల్ చక్రంలో ఉరుకుతున్న వీడియో జలీల్ ఫోన్‌లో పంపాడు. దాన్ని బస్సులో రుక్కి పక్కన కూర్చుని నాలుగుసార్లు చూశాడు.

గురుకులం గేటు లోపల వేపచెట్ల కింద తల్లిదండ్రులు గుంపులు గుంపులుగా కూర్చున్నారు. తలుపు తీయగానే పిల్లలు ఒక్కసారిగా బయటికొచ్చారు. జమున రెండు జడలు ఎగురుతుండగా ఉరికొచ్చి తండ్రి నడుం చుట్టేసి, చొక్కాలో మొహం దాచుకుంది.

దాచుకుని, తుమ్మింది. 

మళ్ళీ తుమ్మింది. మూడోసారి తుమ్మి, మొహం వెనక్కి తీసి, నీళ్ళు కారుతున్న కళ్ళు నలుపుకుంటూ తండ్రి వంక ఆశ్చర్యంగా చూసింది.

"బాపు, గిదేంది? నీ దగ్గర గింత ఘాటేంది?"

లక్ష్మా చొక్కా కాలరు లాగి వాసన చూసుకున్నాడు. సబ్బు వాసన, అంతే. ఆయనకు ఇంకేమీ తెలియలేదు. కానీ పిల్లకు తెలిసింది. నెల రోజుల్లో తన కూతురి ముక్కుకు మిర్చి ఘాటు తెలిసింది! లక్ష్మాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. గేటు దగ్గరున్న సార్‌ను పిలిచి, చూడండి సార్, నా బిడ్డ తుమ్ముతోంది అని చెప్పాలనిపించింది. అదే క్షణంలో, ఈ పిల్ల ఇక తమ ఇంటి పిల్ల కాదేమో అన్న దిగులు కూడా పట్టుకుంది. రెండూ నిజమే. రుక్కి కూతురి వైపు చాచిన చేతులు సగంలో ఆపి, వెనక్కి తీసుకుని కొంగులో చుట్టుకుంది.

లక్ష్మా రెండడుగులు వెనక్కి జరిగాడు. ఈసారి ఎవరూ చెప్పకుండానే. "ఆడనే ఉండు బిడ్డా. మేం ఈడ కూసుంటం. ఈడికెల్లే మాట్లాడుకుందం."

జమునకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక పిల్ల మొహం ఎర్రబడింది. తండ్రి మీద అంత కోపం ఆ పిల్లకు పంజరం రోజుల్లో కూడా రాలేదు.

"నేనేమన్న పుట్నాల్‌నా?" అంది. 

రెండడుగులు ముందుకొచ్చింది. ముందు తల్లి కొంగులోంచి చేతులు బయటికి లాగి తన బుగ్గలకు ఆనించుకుంది. తర్వాత తండ్రి చొక్కాలో మళ్ళీ మొహం పెట్టి తుమ్మింది. తుమ్ముతూనే పట్టుకుని ఉంది.